కొనేవాడు దొరక్కుండా బయానా కట్టకండి

ఇల్లో పొలమో కొనేంత డబ్బు చేతిలో లేకపోయినా, కొంటానని అగ్రిమెంటు రాసుకుని దాన్నే ఇంకొకరికి ఎక్కువ రేటుకు అప్పగించడాన్ని అమెరికాలో హోల్‌సేలింగ్ అంటారు. మన భీమవరం, తణుకు, అమలాపురం వైపు ఇదేమీ కొత్త కాదు. అగ్రిమెంట్లో ‘మీ పేరున గానీ మీరు కోరిన వారి పేరున గానీ రిజిస్ట్రేషన్ చేయిస్తాను’ అనే ఒక్క వాక్యం మీదే ఇలాంటి బేరాలు నడుస్తాయి. యాభై సెంట్లు సెంటు లక్షన్నరకు ఒప్పుకుని లక్షా డెబ్బై వేలకు దాటిస్తే మధ్యలో పది లక్షలు మిగులుతాయి. ఈ లెక్క చూసే ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అప్పు చేసి మరీ బయానాలు కడుతున్నారు.

గడువు దాటితే బయానా పోతుంది, అది మీ నష్టం. కానీ ఆ గడువు ముగిసేదాకా రైతు ఇంకెవరికీ అమ్ముకోలేక, కూతురి పెళ్లికో ఆసుపత్రికో డబ్బు అందక ఆగిపోతాడు, నన్ను బాధపెట్టేది అదే. అందుకే మొదట్లో కమిషన్ మీదే పనిచేయండి. పైగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఒట్టి అగ్రిమెంటుతో భూమి మీద హక్కు రాదు, జీపీఏ (తన తరఫున వ్యవహరించమని యజమాని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం)తో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

డబ్బు లేని కుర్రాడు ముందు నేర్చుకోవాల్సింది కాగితాలు చదవడం. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయాలి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులు వరసగా చూడాలి, ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో అడంగల్ (సాగు వివరాలు), వన్‌బీ (యజమాని పేరున ఉన్న భూమి వివరాలు) సరిపోల్చుకోవాలి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందేమో కనుక్కోవాలి. కైకలూరు వైపు చెరువు చవగ్గా వస్తోందంటే కొల్లేరు ఐదో కాంటూరు (సరస్సు అభయారణ్యం హద్దు) లోపలిదేమో అడగండి. కాగితం బాగున్నా పొలం గట్టు మీదికి వెళ్లాల్సిందే. డెల్టాలో పొలం ఒకరిది, కౌలుకు చేసేది ఇంకొకరు కావడం మామూలే, ఆ కౌలుదారు పంట చేలో ఉండగా ఖాళీ చేయిస్తానని కొనేవాడికి మాటివ్వడం అన్యాయం.

బయానా 20 వేలు, ఆపైన అయితే బ్యాంకు ద్వారానే ఇవ్వండి, నగదుగా తీసుకుంటే రైతుకే జరిమానా పడొచ్చు. వెంచర్లలో ప్లాట్లు అమ్మిపెట్టాలంటే రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో ఏజెంటుగా నమోదు కావాలి.

మీకు ఎంత మిగులుతుందో రైతుకు ముందే చెప్పేయండి. చెబితే బేరం పోతుందని టెన్షన్ పడతారు, పోతే పోనివ్వండి. దాచిపెట్టి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కొనేవాడి నోట అసలు రేటు విని రైతు సంతకం పెట్టనంటే అప్పుడేం చేస్తారు?