ఆయుధ నిషేధానికి జాబితా ఎవరు రాయాలి?

1989 జూన్ చివరి వారంలో మాడ్రిడ్‌లో సమావేశమైన ఐరోపా సముదాయపు 12 దేశాల అధినేతలు చైనా మీద ఒక ప్రకటన చేశారు. ప్రజాస్వామ్యం కోరుతున్న నిరసనకారులను అణచివేయడానికి బీజింగ్‌లోని తియానన్మెన్ చౌరస్తా వైపు ట్యాంకులు కదిలి అప్పటికి నాలుగు వారాలు కూడా కాలేదు. ఆ ప్రకటనలో సైనిక సహకారాన్ని నిలిపివేయడానికి, ఆయుధ వ్యాపారాన్ని నిషేధించడానికి కలిపి దక్కింది ఒకే ఒక్క పంక్తి. ఏవి ఆయుధాలో అందులో లేదు. రాడారు ఆయుధమా, ఇంజిను ఆయుధమా? మినహాయింపులేమిటి, గడువెంత, మాట తప్పిన వారిని ఏం చేస్తారు? ఏదీ రాయలేదు. ఆ పంక్తి నేటికీ అమల్లో ఉంది. సముదాయం సమాఖ్య అయింది, సభ్యదేశాలు 27 అయ్యాయి, పంక్తి మాత్రం పెరగలేదు.

ఖాళీ వదిలిన చోట ఎవరికి తోచింది వారు రాసుకున్నారు. ప్రాణాంతక ఆయుధాలు, మందుగుండు, యుద్ధ విమానాలు, యుద్ధ నౌకలు, ప్రజలను అణచివేయడానికి పనికొచ్చే సామగ్రి మాత్రమే నిషిద్ధమని 1995లో బ్రిటన్ తేల్చుకుంది. మరుసటి ఏడాదే విమానాల్లో అమర్చే సముద్ర నిఘా రాడార్లను చైనాకు అమ్మడానికి ఆ నిర్వచనం అడ్డు రాలేదు. జర్మనీలో రూపుదిద్దుకున్న డీజిల్ ఇంజిన్లు చైనా జలాంతర్గాముల్లోకి చేరాయి. ఫ్రెంచి హెలికాప్టర్ నమూనా పాత లైసెన్సు ఒప్పందం అండతో చైనా కర్మాగారాల్లో తయారవుతూనే వచ్చింది. వీరెవరూ మాట తప్పలేదు. అసలు ఇచ్చిన మాట ఏమిటో తేలితే కదా తప్పడం!

మానవ హక్కుల దౌత్యం విఫలమైనప్పుడల్లా రాజకీయ సంకల్పం లేదని వాపోవడం మనకు అలవాటు. సంకల్పం ఉన్నట్టు కనిపించిన సందర్భాల్లోనూ పని జరగకపోవడమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ఆయుధ నిషేధం నిలిచేది ఖండన ప్రకటన మీద కాదు, వస్తువుల జాబితా మీద. పది దేశాల్లో ఎగుమతికి అనుమతులిచ్చే లైసెన్సు అధికారులు ఒకే జాబితాను ఒకే అర్థంలో చదివితేనే అది నిషేధం. లేకపోతే వ్యాపారం ఒక రేవు వదిలి పక్క రేవుకు మారుతుంది, అంతే.

ఆ మాడ్రిడ్ పంక్తి బతికి బట్టకట్టిన తీరు కూడా విచిత్రమే. నిషేధానికి కాలం చెల్లిందని ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్, జర్మనీ ఛాన్సలర్ ష్రోడర్ పట్టుబట్టడంతో 2003 డిసెంబరులో ఐరోపా నేతలు పునఃసమీక్షకు ఒప్పుకున్నారు. ఎత్తివేత ఖాయమనే అనుకున్నారు. 2005 ఫిబ్రవరిలో అమెరికా ప్రతినిధుల సభ దాన్ని వ్యతిరేకిస్తూ 411-3 ఓట్లతో తీర్మానం చేసింది. మార్చి 14న చైనా తానే పని పూర్తిచేసింది. తైవాన్ మీద బలప్రయోగానికి చట్టం ముసుగు తొడుగుతూ విభజన వ్యతిరేక చట్టాన్ని ఆమోదించింది. ఎత్తివేత అటకెక్కింది. తియానన్మెన్ ఖైదీల ప్రస్తావన తేల్చలేని చర్చను తైవాన్ జలసంధి తేల్చేసింది. ఇందులో నాకు అభ్యంతరమేమీ లేదు. హక్కుల పేరుతో పుట్టిన నిషేధాన్ని భద్రతా ప్రయోజనాలు మోసుకెళితే మోసుకెళ్లనివ్వండి. కాకపోతే ఎవరు మోస్తున్నారో తెలిసి మాట్లాడటం మంచిది.

నాకు అంతకంటే ఎక్కువ గౌరవం ఉన్నది, అదే ఐరోపా సమాఖ్య 2008లో చేసుకున్న ఉమ్మడి ఆయుధ ఎగుమతి నియమావళి మీద. ఎనిమిది ప్రమాణాలున్న దానిలో రెండోది మానవ హక్కులది. అసలు తెలివి మరోచోట ఉంది. ఒక దేశం ఒక లైసెన్సును తిరస్కరిస్తే ఆ సంగతి మిగతా దేశాలకు తెలియజేయాలి. దాదాపు అదే సరుకుకు మూడేళ్లలోపు మరో దేశం అనుమతి ఇవ్వదలచుకుంటే ముందు తిరస్కరించిన దేశాన్ని సంప్రదించాలి, ఇస్తే ఎందుకిస్తున్నదో చెప్పాలి. ఎవరినీ ఆపే అధికారం ఎవరికీ లేదు. తుది నిర్ణయం ఏ దేశానిది ఆ దేశానిదే. అయినా పొరుగువాడికి జవాబు చెప్పుకోవలసి రావడం చిన్న విషయం కాదు.

దక్షిణాఫ్రికా ఉదాహరణను అందరూ విజయగాథగా చెబుతారు. అది సగం నిజం. వర్ణవివక్ష ప్రభుత్వానికి ఆయుధాలు అమ్మవద్దని భద్రతామండలి 1963లోనే 181వ తీర్మానంలో కోరింది. కోరింది, ఆదేశించలేదు. ఫ్రాన్స్ మిరాజ్ విమానాలు అమ్మింది, ఆ తర్వాత అక్కడే తయారుచేసుకునే లైసెన్సు కూడా ఇచ్చింది. వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమ నేత స్టీవ్ బీకో పోలీసుల నిర్బంధంలో మరణించాక, 1977 నవంబరు 4న, 418వ తీర్మానంతో నిషేధం తప్పనిసరి అయింది. ఒక సభ్యదేశం మీద అలాంటి ఆదేశం అదే మొదటిది. కానీ మధ్యలో 14 ఏళ్లు దొరికాయి. 1968లో ఏర్పడిన దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఆయుధ సంస్థ ఆర్మ్‌స్కోర్ ఆ వ్యవధిని వృథా చేయలేదు. చివరికి 1984లో, దక్షిణాఫ్రికాలో తయారైన ఆయుధాలు కొనవద్దని ప్రపంచాన్ని కోరుతూ భద్రతామండలి 558వ తీర్మానం చేయాల్సి వచ్చింది! అమ్మకూడదన్న నిషేధం కొనకూడదన్న వేడుకోలు దాకా వెళ్లింది. అయినా అది పూర్తిగా వృథా పోలేదు. కొత్త తరం యుద్ధ విమానాలు కొనే దారి మూసుకుపోయి, ఆ దేశం పాత మిరాజ్‌లకే మెరుగులు దిద్దుకుంటూ గడిపింది.

జాబితా ఎంత పక్కాగా ఉన్నా నిషేధం న్యాయంగానే ఉంటుందన్న భరోసా లేదని బోస్నియా గుర్తుచేస్తుంది. విచ్ఛిన్నమవుతున్న యుగోస్లావియా మొత్తానికి ఆయుధాలు నిషేధిస్తూ 1991లో భద్రతామండలి చేసిన 713వ తీర్మానం, పాత సైన్యపు ఆయుధాగారాలు చేతికందిన సెర్బు బలగాలను, ఏమీ లేని బోస్నియా ప్రభుత్వాన్ని ఒకే గాట కట్టింది.

నేటి ఆయుధం ఒక దేశంలో తయారుకాదు కాబట్టి సమన్వయం ఇంకా జటిలమైంది. 2018 అక్టోబరులో సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగీ హత్య తర్వాత జర్మనీ సౌదీ అరేబియాకు ఆయుధాల ఎగుమతిని ఆపింది. బ్రిటన్ సౌదీకి అమ్మదలచిన యూరోఫైటర్ యుద్ధ విమానంలో జర్మనీ భాగాలున్నాయి. బ్రిటన్ విదేశాంగ మంత్రి జెరెమీ హంట్ జర్మనీ మంత్రికి నిరసన లేఖ రాశారు. ఆయుధ పరిశ్రమలో ‘జర్మన్-ఫ్రీ’ అనే మాట చలామణిలోకి వచ్చింది: జర్మనీ భాగాలు లేవు, నిశ్చింతగా కొనుక్కోండి అని! హక్కుల పట్టింపు ఉన్న దేశం నమ్మదగని సరఫరాదారు అయింది. 2024 జనవరిలో జర్మనీ తన అభ్యంతరాన్ని వదులుకుంది. ఒంటరి నైతికతకు మార్కెట్ విధించే జరిమానా ఇలా ఉంటుంది.

ఇక మయన్మార్. 2021 ఫిబ్రవరి సైనిక కుట్ర తర్వాత, ఆ దేశానికి ఆయుధాలు చేరకుండా చూడాలని ఐరాస సర్వసభ్య సభ జూన్ 18న 119 ఓట్లతో కోరింది. వ్యతిరేకించింది ఒక్క బెలారస్. దూరంగా ఉన్న 36 దేశాల్లో చైనా, రష్యాలతోపాటు భారత్ కూడా ఉంది. భద్రతామండలి 2022 డిసెంబరులో తీర్మానం చేసినా అందులో ఆయుధ నిషేధం లేదు. ఐరాస మానవ హక్కుల ప్రత్యేక పరిశీలకుడు టామ్ ఆండ్రూస్ 2023 మే నెలలో లెక్క తేల్చారు: కుట్ర తర్వాత కనీసం 100 కోట్ల డాలర్ల ఆయుధాలు, సామగ్రి సైన్యానికి చేరాయి. రష్యా నుంచి 40.6 కోట్లు, చైనా నుంచి 26.7 కోట్లు, సింగపూర్‌లోని సంస్థల నుంచి 25.4 కోట్లు, భారత్ నుంచి 5.1 కోట్లు. సర్వసభ్య సభలో దూరంగా ఉండిపోయిన భారత్ ఆ చివరి అంకెను కూడా తన దౌత్యంలో భాగంగానే చూడాలి.

సింగపూర్ ఏం చేసిందన్నది ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే విలువైన ఘట్టం. అక్కడి ప్రభుత్వ ప్రమేయం ఉన్నట్టు నివేదిక చెప్పలేదు. అయినా దర్యాప్తు జరిగింది. అక్కడి నుంచి ఏటా 11 కోట్ల డాలర్లకు పైగా వెళ్లే సరుకు ఏడాది తిరిగేసరికి సుమారు కోటికి పడిపోయింది. అదే ఏడాది థాయిలాండ్ నుంచి వెళ్లేది దాదాపు 6 కోట్ల నుంచి 13 కోట్లకు పెరిగింది. మూసిన గుమ్మం పక్కనే తెరిచిన గుమ్మం. అయినా బ్యాంకుల ద్వారా సైన్యం జరిపిన విదేశీ కొనుగోళ్లు మొత్తం మీద మూడోవంతు తగ్గి, 37.7 కోట్ల నుంచి 25.3 కోట్ల డాలర్లకు దిగాయి. సింగపూర్ తన దర్యాప్తులో తెలుసుకున్నది బ్యాంకాక్‌తో పంచుకోవడానికి భద్రతామండలి అనుమతి అక్కర్లేదు. దాన్ని వీటో చేసే అవకాశం ఎవరికీ లేదు.