రోజుకు పది రూపాయలైనా కాని సాయం

గుమ్మం ముందు ర్యాంపు కట్టి ఫొటో తీసి పంపితే దివ్యాంగుల సౌకర్యం పూర్తయినట్టే మన విద్యాశాఖల లెక్కలో. ఆ ర్యాంపు దాకా పిల్ల ఎలా వస్తుందన్నది ఏ ఫారంలోనూ ఉండదు. కాళ్లు చచ్చుబడిన మగపిల్లాడైతే పక్కింటి కుర్రాడు సైకిలెక్కించుకుని బడి దగ్గర దింపుతాడు. పన్నెండేళ్ల ఆడపిల్లను అలా పంపే ఇల్లు మన ఊళ్లలో ఎక్కడుంది? తల్లి వెంట రావాలి, వస్తే ఆ పూట కూలి పోతుంది. బడిలో మరుగుదొడ్డికి తీసుకెళ్లే ఆయా లేకపోతే పిల్ల సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టదు. పెద్దమనిషి అయ్యాక ఆ కాస్త చదువూ ఆగిపోతుంది.

2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగ పురుషుల్లో నూటికి 62 మంది అక్షరాస్యులు కాగా, స్త్రీలలో 45 మందే. లోపం ఒకటే అయినా ఆడపిల్లకు అది రెట్టింపు బరువు.

చట్టాలకు కొదవ లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపై వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు అంది. కేంద్ర పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్షా కింద దివ్యాంగ బాలికలకు స్టైపెండ్ ఉంది: నెలకు 200 రూపాయలు, ఏడాదికి పది నెలలు. హైస్కూలు బాలికలకు 2009లో పెట్టిన మొత్తమూ ఇదే. బడి నడిచే రోజులకు పంచితే రోజుకు పది రూపాయలైనా రావు. ఆటోవాడు ఒకవైపుకైనా వస్తాడా?

తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రాలు మంచి ఆలోచనే. కానీ మండల కేంద్రానికి వెళ్లగలిగే పిల్లకే అవి అక్కరకొస్తాయి. అక్కడి రిసోర్స్ టీచర్లు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నారు. ప్రాథమిక తరగతుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది.

మాకు మరింత ఆందోళన కలిగించేది టీచరు ఇంటికే వచ్చి చెప్పే ఇంటివద్ద విద్య. మంచం దిగలేని పిల్లల కోసం పెట్టిన ఈ ఏర్పాటు, తోడుంటే బడికి రాగల ఆడపిల్లను ఇంట్లోనే ఉంచే సాకు కాకూడదు. రిజిస్టరులో పేరుంటుంది, పక్కన కూర్చునే స్నేహితురాలు ఉండదు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ముందు చేయాల్సినవి చిన్న పనులే. తోడు వచ్చే తల్లికి పోయే కూలికి తగ్గ భత్యం. ప్రతి హైస్కూల్లో ఒక ఆయా, లోపల గడియ, పట్టుకోవడానికి కమ్మీ ఉన్న మరుగుదొడ్డి. నడవలేని పిల్లను చేర్చుకునేలా బాలికల వసతి బడులైన కస్తూర్బా విద్యాలయాల్లో కింది అంతస్తు గది, ఒక సహాయకురాలు. ఆరో తరగతిలో చేరిన దివ్యాంగ బాలికల్లో ఎందరు పదో తరగతి పరీక్ష రాశారో మండలాలవారీగా ఏటా జూన్‌లో ప్రకటించాలి.