అశ్వగంధ డబ్బా మీద ‘వేరు’ అన్న మాట ఉందా?

జిమ్‌లో ఎవరో చెప్పారని మా తమ్ముడు అశ్వగంధ క్యాప్సూల్స్ తెచ్చాడు. డబ్బా తిప్పి చూశాను. ముందు గుర్రం బొమ్మ, వెనక సన్నటి అక్షరాల్లో ‘అశ్వగంధ ఎక్స్‌ట్రాక్ట్, విథనొలైడ్లు 5 శాతం’. విథనొలైడ్లంటే అశ్వగంధలో పనిచేసే ముఖ్య రసాయనాలు. వాటిని వేరు నుంచి తీశారో, ఆకు నుంచి తీశారో ఎక్కడా లేదు. ‘‘ఏదైతే ఏంటన్నా, ఆయుర్వేదమేగా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు’’ అన్నాడు వాడు.

ఏదైతే ఏంటి అనడానికి లేదు. అశ్వగంధ అంటే మన పెన్నేరు గడ్డే. అనంతపురం, కర్నూలు వైపు కూడా పండిస్తారు. ఐదారు నెలలకు పొదను వేళ్లతో సహా పీకి, వేరు కోసి, ఎండబెట్టి, లావు సన్నం చూసి ఏరి అమ్ముతారు. పచ్చి వేరు దగ్గర గుర్రం వాసన వస్తుందనే ఆ పేరు. రైతుకు డబ్బులొచ్చేది ఆ వేరుతోనే, ఆకుకు పెద్దగా ధర లేదు. కానీ విథనొలైడ్లలో ఒకటైన విథఫెరిన్-ఎ అనే ఘాటైన పదార్థం ఆకులోనే ఎక్కువ. అంటే చవకగా దొరికే ఆకు కలిపితే ఖర్చు తగ్గుతుంది, లేబుల్ మీద శాతమూ ఘనంగా కనిపిస్తుంది. ఎవరికి ఆశ పుట్టదు చెప్పండి? ఆకు వాడొద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖే 2021లో తయారీదారులకు చెప్పాల్సి వచ్చింది.

2023లో డెన్మార్క్ అశ్వగంధను నిషేధిస్తే మనవాళ్లు చాలామంది ఆయుర్వేదం మీద కుట్ర అన్నారు. నిషేధం అతి అనే నాకూ అనిపిస్తుంది. కానీ థైరాయిడ్, సెక్స్ హార్మోన్లపై ప్రభావం, గర్భస్రావం ముప్పు అని వాళ్లు చూపిన కారణాలను కొట్టిపారేయలేం. గర్భిణులు వాడకూడదని మన దగ్గరా చెబుతారు. ఐస్‌లాండ్, అమెరికాల్లో ఈ సప్లిమెంట్లు వాడిన ఐదుగురికి కాలేయం దెబ్బతిన్న వివరాలు 2020లో వైద్య పత్రికలో వచ్చాయి. తర్వాత నలుగురు కోలుకున్నారు, ఐదో మనిషి సంగతి ఆ తర్వాత తెలియలేదు.

మందుల ప్రమాణాలు చెప్పే మన అధికారిక గ్రంథం ఆయుర్వేద ఫార్మకోపియా మందుగా చెప్పింది ఎండిన వేరునే, పొడి మోతాదు 3 నుంచి 6 గ్రాములు. వైద్యుడు మనిషిని చూసి పాలల్లో కలుపుకోమని ఇచ్చే ఆ పొడి ఒకటి, ఎవరూ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా ఆన్‌లైన్‌లో తెప్పించుకుని నెలల తరబడి మింగే గాఢమైన ఎక్స్‌ట్రాక్ట్ మరొకటి. పొడికి వేల ఏళ్లుగా ఉన్న పేరును ఈ క్యాప్సూల్‌కి అంటగట్టి అమ్మడం దగ్గరే నాకు మండుతుంది. ఏ భాగం వాడారో డబ్బా ముందువైపే పెద్ద అక్షరాల్లో రాయమంటే కంపెనీలకు పోయేదేముంది?

ఇంతలో వంటింట్లోంచి అమ్మ, ‘‘మోకాళ్లకి మంచిదటగా, నాకూ రెండియ్యరా’’ అంది. అమ్మ రోజూ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. డబ్బా మళ్లీ తిప్పి చూశాను. థైరాయిడ్ ఉన్నవాళ్లకు ఒక్క హెచ్చరికా లేదు.