క్రాన్‌బాక్ ఆల్ఫా గారికి బహిరంగ లేఖ

ఆల్ఫా గారూ,

ఒక ప్రశ్నావళిలోని ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే అంకె మీరు. మీరు 0.70 దాటితే చాలు, పరిశోధకుడి మొహం వెలిగిపోతుంది. ‘ఆల్ఫా 0.81, కాబట్టి మా ప్రశ్నావళి విశ్వసనీయం’ అని ఒక్క వాక్యం రాసి, మిగతా అనుమానాలన్నిటికీ సెలవిచ్చేస్తాడు.

మిమ్మల్ని ప్రసన్నం చేసుకోవడమూ సులువే. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం, అంటే రెండు ప్రశ్నల జవాబులు కలిసి పెరిగే, తగ్గే తీరు, 0.3 మాత్రమే అనుకుందాం. 5 ప్రశ్నలుంటే 0.68 దగ్గర మూతి ముడుచుకుంటారు. అదే సరుకు 10 ప్రశ్నలైతే 0.81, 20 అయితే 0.90! కొత్త ప్రశ్నలకేం కొదవ? ‘నాకు తరచూ ఆందోళనగా ఉంటుంది’, ‘నేను ఊరికే కంగారు పడతాను’, ‘చిన్న విషయానికే నాకు టెన్షన్ వస్తుంది’. ఒకటి తానా అంటే మిగతావి తందానా. అసలు ప్రశ్నలు చదవనక్కర్లేదు కూడా. ఒకరు వరసగా రెండో గడిలో, ఇంకొకరు వరసగా నాలుగో గడిలో టిక్కులు పెట్టుకుంటూ పోయినా మీరు 1.0కి చేరి మురిసిపోతారు.

ఇంతకీ అవి కొలిచింది ఆందోళననేనా, రాత్రి నిద్ర లేకపోవడాన్నా, మంచివాడిలా కనబడాలన్న తాపత్రయాన్నా? కొలవాల్సిందాన్నే కొలిచామా అని చూసే సప్రమాణత గారి శాఖ అది అంటారు. నిజమే. కానీ ఆవిడ దగ్గరికి వెళ్తే ఏళ్ల తరబడి మనుషుల వెంట తిరిగి, ఆ స్కోరు చెప్పింది జరిగిందో లేదో చూడమంటుంది. మీరైతే ఒక్క క్లిక్కు. అదే మనిషికి నెల తర్వాత అదే స్కోరు వస్తుందా అన్నదీ మీకు తెలియదు. అయినా విశ్వసనీయత అంటే మీరే అన్నట్టు చెలామణి అవుతున్నారు.

పాపం, మనస్తత్వ శాస్త్రవేత్త లీ క్రాన్‌బాక్‌ను ఏమీ అనలేం. 1951లో మీకు ఆల్ఫా అని పేరు పెట్టినాయనే, 1955లో పాల్ మీల్‌తో కలిసి నిర్మాణ సప్రమాణత (కంటికి కనబడని గుణాన్ని పరీక్ష నిజంగా కొలుస్తోందా అన్న సంగతి) మీద వ్యాసం రాశాడు. మీ సూత్రం 1945 నాటికే గట్‌మన్ అనే మరో పరిశోధకుడి దగ్గర ఉంది. క్రాన్‌బాకే, దానికి తన పేరు అంటుకోవడం ఇబ్బందిగా ఉండేదని, తాను పోయాక 2004లో అచ్చయిన వ్యాసంలో చెప్పుకున్నాడు.

ఆ 0.70 గీత కూడా తొలిదశ పరిశోధనకేనని నునల్లీ 1978లో, మానసిక పరీక్షల మీద తన పాఠ్యపుస్తకంలో రాశాడు. ఒక మనిషి భవిష్యత్తు తేల్చే పరీక్షకైతే కనీసం 0.90, వీలైతే 0.95 ఉండాలన్నాడు. ఆ పేజీ దాకా ఎవరూ వచ్చినట్టు లేరు.

చిన్న మనవి. ఈసారి ఎవరైనా మిమ్మల్ని 0.97కి తీసుకెళ్తే మురిసిపోకండి, ఒకే ప్రశ్నను ఎన్నిసార్లు అడిగారో కనుక్కోండి.

ఇట్లు,
నాలుగో గడి