ఎవరికీ తెలియకూడని ఖర్చు

విశాఖపట్నంలో డబ్బు ఖర్చు పెట్టినవాడు ఆ ఖర్చు నలుగురి కంటా పడాలని ఆశించడం సహజమే కాదు, న్యాయం కూడా. ఇల్లు కట్టినవాడు వీధివైపు గోడంతా అద్దాలు బిగిస్తాడు. కూతురి పెళ్లి చేసినవాడు రుషికొండ రిసార్టు మీద డ్రోను ఎగరేయిస్తాడు. కారు కొన్నవాడు దానిని తిన్నగా సంపత్ వినాయకుడి గుడి ముందు ఆపి, ఆశీలుమెట్ట ట్రాఫిక్కు ఆగిపోయినంతసేపు పూజ చేయిస్తాడు. ఇటువంటి నగరంలోకి లక్షలు పోసి, కత్తిగాట్లు భరించి, వారాల తరబడి అజ్ఞాతవాసం చేసి, చివరికి ఏమీ చేయించుకోనట్టు కనపడడమే ఫలితంగా గల ఒక వ్యయం ప్రవేశించింది. ముఖానికీ మెడకూ కలిపి చేసే ఆ శస్త్రచికిత్సను ఫేస్ లిఫ్ట్, నెక్ లిఫ్ట్ అంటున్నారు. చేసింది తెలియకపోతేనే బాగా చేసినట్టని సర్జన్లే చెబుతారు. ఆర్భాటం లేని ఖర్చు ఎలా ఉంటుందో మనవాళ్లకు నేర్పగల సాధనం ఇన్నాళ్లకు దొరికినందుకు సంతోషించి, దీని నుంచి ఏమి ఆశించవచ్చో పౌరులకు విన్నవించడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

సర్జను ఎదుట కూర్చున్న ప్రతివారూ మొదట చేసే పని ఒకటే. రెండు అరచేతులూ చెంపలకు ఆనించి చర్మాన్ని చెవులవైపు లాగి, "ఇంతేనండీ, ఇంతవరకు చేస్తే చాలు" అంటారు. చర్మాన్ని మాత్రమే లాగి కుడితే అది ఎక్కువకాలం నిలవదనీ, దాని అడుగున కండరాలను కప్పి ఉండే పొరను బిగించాలనీ డాక్టరు ఓపికగా చెబుతారు. స్మాస్ అని పిలిచే ఆ పొరను ఫ్రెంచి వైద్యులు మిట్జ్, పేరోనీ 1976లో వర్ణించారు. మెడ మీద తీగల్లా నిలబడే గీతలు ప్లాటిస్మా అనే పల్చని కండరం అంచులు కనుక, గడ్డం కింద చిన్న గాటు పెట్టి వాటిని దగ్గరికి చేర్చి కుడతారు. ముఖం వైపు గాటు కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందుగా దిగి, తమ్మెను చుట్టి, చెవి వెనకగా మళ్లీ జుట్టులోకి పోతుంది. ఇంత వివరంగా విన్న తరువాత కూడా మనవాళ్లు అడిగే ప్రశ్న, నుదుటి ముడతలు కూడా ఇందులోనే పోతాయా అని. పోవు. నుదురు, కనురెప్పలు, పెదవుల చుట్టూ ఉండే సన్నని గీతలు, ఎండకు పట్టిన మచ్చలు ఈ చికిత్స పరిధిలోకి రావు. దవడ కింద జారిన చెంపలూ, మెడ దగ్గర వదులైన చర్మమూ మాత్రమే దీని అధికార క్షేత్రం.

ఎంతకాలం ఉంటుందన్నది తరువాతి ప్రశ్న. సుమారు ఏడు నుంచి పదేళ్లని వైద్యులు అంటారు. ఈ జవాబు విని ముఖం చిన్నబుచ్చుకునేవారు ఒకసారి ఆర్కే బీచ్ వైపు చూడాలి. 1970వ దశకంలో ఔటర్ హార్బర్ కట్టినప్పటి నుంచి తీరం వెంట ఉత్తరానికి సాగే ఇసుక అక్కడే చిక్కుకుపోతోంది. దానిని డ్రెడ్జర్లతో తవ్వి గొట్టాల ద్వారా బీచ్ మీద పోస్తుంటే, సముద్రం తన తీరికను బట్టి కోసుకుపోతోంది. పోసిన ఇసుక పదేళ్లు నిలుస్తుందని ఎవరైనా హామీ ఇస్తే పోర్టువారు ఆయనకు పూలదండ వేసి ఉండేవారు. చర్మం విషయంలో కాలం అంతకన్నా మర్యాదగానే ప్రవర్తిస్తున్నదని గ్రహించాలి.

ముందస్తు నియమాల్లో కఠినమైనది పొగ మానడం. నికోటిన్ రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేస్తుంది కనుక, లేపి కుట్టిన చర్మానికి రక్తం అందక అది చచ్చిపోయే ప్రమాదం ఉంది. అందుకే నెల ముందునుంచే మానమంటారు. ఆస్పిరిన్, కొన్ని నొప్పి మాత్రలు, విటమిన్ ఈ, చేపనూనె గుళికలు రక్తస్రావాన్ని పెంచవచ్చు కనుక డాక్టరుకు చెప్పి వాటినీ ఆపాలి. దీని అర్థం వంజరం పులుసు మానెయ్యమని కాదు. మొదటి రోజుల్లో వచ్చే ప్రధానమైన చిక్కు చర్మం కింద రక్తం గడ్డకట్టడం. ఇది ఆడవారికన్నా మగవారికి ఎక్కువ, బీపీ అదుపులో లేనివారికి మరీ ఎక్కువ. మగవారికి ఇంకో విశేషం ఉంది. గడ్డం మొలిచే చర్మం వెనక్కి జరుగుతుంది కనుక, కొందరు ఆ తరువాత చెవి వెనక కూడా క్షవరం చేసుకోవలసి వస్తుంది. మంగలి ముందు రహస్యం దాచాలనుకునేవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఆపరేషన్ కొన్ని గంటలు పడుతుంది. లేచేసరికి తలచుట్టూ కట్టు, కొందరికి చెవి వెనక సన్నని గొట్టం ఉంటాయి. వాపూ కమిలిన రంగూ రెండు మూడు రోజులకు బాగా పెరిగి, తగ్గడానికి రెండు మూడు వారాలు తీసుకుంటాయి. చెంపలూ చెవి తమ్మెలూ కొన్ని నెలలు మొద్దుబారి ఉండవచ్చు. అరుదుగా ముఖాన్ని కదిలించే నరం దెబ్బతినవచ్చు. ఈ ఒక్క వాక్యం దగ్గర నేను హాస్యమాడదలచుకోలేదు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి, ఎండ తగలకూడదు. కనుక విశాఖ ఉక్కపోతలో, మే నెలలో, మెడ చుట్టూ బిగుతు పట్టీ వేసుకుని తపస్సు చేయదలచినవారికి నా నమస్కారాలు. మిగతావారు డిసెంబరు దాకా ఆగడం మంచిది.

శరీరానికి పట్టే మూడు వారాలు సులభమైనవే. కష్టమంతా సమాజానికి చెప్పుకోవలసిన మూడు వారాలతో. అరకు వెళ్లామంటే మూడో రోజుకే అనుమానం వస్తుంది. ఇందుకు తెలుగు జాతి ఏనాడో సిద్ధం చేసి పెట్టుకున్న సాకు అమెరికాలోని అబ్బాయి. "బాబు దగ్గరికి వెళ్తున్నామండీ" అని అపార్ట్‌మెంటంతా చెప్పి, ఎంవీపీ కాలనీలోని సొంత ఫ్లాటులోనే తలుపులు మూసుకుని కూర్చున్న దంపతుల కోసం కొన్ని జాగ్రత్తలు చెబుతాను. కుక్కరు విజిల్ రానివ్వకూడదు. పోపు ఇంగువతో వేయకూడదు. పాలవాడిని ఆపించాలి, కానీ వాచ్‌మన్‌ను ఆపించడం ఎవరి తరమూ కాదు కనుక అతనికి నెలవారీ గౌరవ వేతనం ఏర్పాటు చేయాలి. పనిమనిషికి నిజం చెప్పేయడమే ఉత్తమం, ఎలాగూ తెలుసుకుంటుంది. బయటికి వచ్చాక ముఖం తేటగా ఉందని ఎవరైనా అంటే అక్కడి నీళ్లు, అక్కడి గాలి అని చెప్పుకోవచ్చు.

అయితే అలా అనేవారు దొరకడం అరుదు. ఉదయం వాహనాలు ఆపిన బీచ్ రోడ్డు మీద, మెడ బిగుసుకుని దవడ గీత కొత్తగా తేలిన ముఖంతో తొలిరోజు నడకకు బయలుదేరినవారికి కాళీమాత గుడి దాటకముందే ఎదురయ్యే పలకరింపు, "ఏటండీ, ఇలా చిక్కిపోనారు? సుగరు గానీ చూపించుకున్నారా ఏటి?" అన్నది. మన ఊళ్లో ఒక మనిషి ముఖంలో మార్పు వస్తే దానికి ఆమోదయోగ్యమైన కారణాలు మధుమేహమూ, కోడలూ మాత్రమే. లక్షల ఖర్చుకు ప్రతిఫలంగా మెంతిగింజల వైద్యం ఉచితంగా లభిస్తుంది. దీనిని వైఫల్యమని భావించరాదు. ఆపరేషన్ సంగతి ఎవరూ కనిపెట్టలేదు కనుక, సర్జను మాట అక్షరాలా నెరవేరినట్టే.

ఆ లక్షల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆరోగ్య బీమా ఇందుకు పైసా ఇవ్వదు. పుట్టుకతో వచ్చిన లోపానికో, ప్రమాదంలో తగిలిన గాయానికో చేసే ప్లాస్టిక్ సర్జరీకి జీఎస్టీ మినహాయింపు ఉంది, అందం కోసం చేసేదానికి లేదు. వయసు మీద పడడాన్ని కేంద్ర ప్రభుత్వం ఇంకా ప్రమాదంగా గుర్తించలేదన్నమాట.

పింఛనుదారులు మరొక మాట గుర్తుంచుకోవాలి. ఏటా నవంబరులో తాము జీవించే ఉన్నామని ఋజువు చేసుకోవడానికి ఇప్పుడు ఫోనులో ముఖం చూపిస్తే చాలునన్న సదుపాయం ఉంది. ఆ ఫోను కొత్త ముఖాన్ని గుర్తుపడితే గొడవ లేదు. గుర్తుపట్టకపోతే వేలిముద్ర కోసమో, సంతకం కోసమో బ్యాంకుకు వెళ్లి వరసలో నిలబడాలి. పాత ఫోటోకూ ఎదుటి మనిషికీ ఎందుకు పొంతన లేదని అక్కడి ఉద్యోగి అడుగుతారు. మన బ్యాంకుల్లో కౌంటరు దగ్గర అడిగే ప్రశ్న వరసలో చివరన నిలబడినవారికి కూడా వినపడుతుంది, జవాబు అంతకన్నా బాగా వినపడుతుంది, ఆ వరసలో ఉన్నవారంతా మర్నాడు ఉదయం బీచ్ రోడ్డు మీద నడిచేవారే.