ఉపగ్రహానికి చూపుడువేలు లేదు

తుపానో, అల్పపీడనమో, పేరేదైనా కానివ్వండి, డెల్టాలో చేలు మునిగాయి. నాలుగో రోజుకి మబ్బు విడిచి ఎండ కాసింది. అప్పుడు హెలికాప్టర్ లేచింది. మర్నాడు పేపర్లో ఫొటో: ఒక కిటికీ, కిటికీ పక్కన నాయకుడు, నాయకుడి చూపుడువేలు, ఆ వేలు చూపిస్తున్న దిక్కున బూడిదరంగు అద్దం. కింద ‘ముంపు ప్రాంతాల్లో ఏరియల్ సర్వే’ అని ఒక ముక్క. పార్టీ మారినా, ఏడాది మారినా ఈ ఫొటో మారదు. కిటికీలో మొహం మారుతుంది, అంతే.

ఇంతటి సంప్రదాయానికి పదేళ్లకు పైగా ఒక ముప్పు నెత్తిమీద తిరుగుతోంది. అక్షరాలా నెత్తిమీదే, 693 కిలోమీటర్ల ఎత్తున. ఉచిత ఉపగ్రహ చిత్రాలనే ఈ బెడదను అరికట్టకపోతే చూపుడువేలు భవిష్యత్తు ఏమవుతుందో ప్రజాస్వామ్యవాదులు ఆలోచించాలి.

శత్రువు బలం ముందు తెలుసుకుందాం. యూరప్ వాళ్లు 2014 ఏప్రిల్లో సెంటినెల్-1ఏ అని ఒకదాన్ని పంపారు. అందులో ఉన్నది కెమెరా కాదు, రాడార్. అయిదున్నర సెంటీమీటర్ల తరంగం మబ్బులోంచి దూరి వచ్చేస్తుంది. దానికి రాత్రీ పగలూ తేడా లేదు. ఒక్క పోకలో 250 కిలోమీటర్ల వెడల్పున నేలంతా చుట్టేస్తుంది. నిలిచిన నీరు అద్దంలాంటిది కదా, వచ్చిన తరంగాన్ని అవతలికి జారుస్తుంది. ఉపగ్రహానికి తిరిగొచ్చేది దాదాపు ఏమీ ఉండదు కాబట్టి నీళ్లు నల్లగా పడతాయి. ఊళ్లూ చెట్లూ తెల్లగా మెరుస్తాయి. బొమ్మలో ఒక్కో చుక్క పది మీటర్ల చదరం. మన లెక్కలో చెప్పాలంటే రెండున్నర సెంట్లు, అంటే ఎకరానికి 40 చుక్కలు. ఇదంతా చూడ్డానికి రూపాయి అక్కర్లేదు. ఒక మెయిల్ ఐడీ, ఒక పాస్‌వర్డ్ చాలు.

ఊరికే వస్తుందంటే నాకొకటి, మా తాతకొకటి అనే జాతి మనది. చీరలు పంచితే తొక్కిసలాట, కుక్కర్లు పంచితే క్యూ. ఈ ఒక్క ఉచితం దగ్గర మాత్రం ఆఫీసుల్లో ఎవరూ వరసలో నిలబడరు. పూర్తి సమాచారం ఇంకా అందాల్సి ఉందంటారు.

తప్పంతా ఉచితానిదే. అమెరికావాళ్ల లాండ్‌శాట్ 1972 నుంచీ భూమిని ఫొటోలు తీస్తోంది. ఎనభైల్లో ఆ వ్యాపారాన్ని ప్రైవేటు చేతికిచ్చారు, ఒక్కో చిత్రం ధర నాలుగు వేల డాలర్లు దాటింది. ఆహా, అదీ మర్యాదంటే! తర్వాత 600 డాలర్లకు దించారు. అప్పుడు కూడా బాగా అమ్ముడైన ఏడాదిలో సగటున రోజుకి 53 చిత్రాలే పోయాయి. 2008లో ఎవరికేం పుట్టిందో, భాండాగారం మొత్తం తెరిచి ఉచితం అనేశారు. అంతే, రోజుకి వేల చిత్రాలు దిగడం మొదలైంది. అడవి లెక్క వేసేవాడూ, చెరువు గట్టు కొలిచేవాడూ, డిగ్రీ చదివే పిల్లాడూ అందరూ చూసేవాళ్లే. మనవాళ్లూ ఆ బాటే పట్టారు. ఒక్కో చుక్క అయిదు మీటర్లు, అంతకంటే ముతకగా ఉండే చిత్రాలు ఎవరికైనా ఉచితమని 2023 అంతరిక్ష విధానంలో రాసేశారు. హైదరాబాద్ బాలానగర్లో ఎన్నారెస్సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్లయితే వరదొచ్చినప్పుడల్లా పటాలు గీసి మరీ పెడుతున్నారు. ఇంత చౌకబారు వస్తువుని పెద్దలు ఎలా తాకుతారు?

హెలికాప్టర్ హుందాతనం వేరు. లోపలికి రండి. కిటికీ సీటు ఎవరిదో తేలడానికే పది నిమిషాలు పట్టింది. రెక్కల చప్పుడుకి ఎవరి మాట ఎవరికీ వినపడదు. కలెక్టరు ఒళ్లో పటం ఉంది, తలకిందులుగా.

‘‘అబ్బో, ఎంత నీరయ్యా! ఇదంతా మునిగిపోయిందా?’’

‘‘సార్, అవి రొయ్యల చెరువులు సార్. ఎప్పుడూ అలాగే ఉంటాయి.’’

‘‘మరి అదీ?’’

‘‘ఉప్పుటేరు సార్.’’

‘‘పొంగిందా?’’

‘‘ఏరు కదా సార్, నీళ్లుంటాయి.’’

‘‘మరి వరదెక్కడయ్యా?’’

‘‘మొన్నటిదాకా ఉంది సార్.’’

వేలు అప్పటికే చెరువుల మీదికి లేచి ఉంది. ఫొటో పడిపోయింది. ఒకసారి లేచిన వేలు ఊరికే దిగదు కాబట్టి రొయ్యల చెరువుల యజమానిని పైనుంచే పరామర్శించి, మరో రెండు చుట్లు తిరిగి, ఎండ ముదిరేలోగా దిగిపోయారు. నష్టం అపారమన్నారు. అపారం ఎన్ని ఎకరాలో ఎవరూ అడగలేదు.

నీళ్లన్నీ ఒకేలా కనిపించే జబ్బు ఉపగ్రహానికీ ఉంది. కాకపోతే దానికి మందుంది. ముంపుకి ముందుది ఒకటి, తర్వాతది ఒకటి, రెండూ ఒకే దారిలో పోతూ తీసినవి దించుకోవాలి. ఒక్కోటీ గిగాబైటుకి అటూ ఇటూ. స్నాప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఉచితమే. అందులో ఉపగ్రహం కక్ష్య వివరాలు సరిదిద్ది, తిరిగొచ్చిన తరంగం బలాన్ని కొలతలోకి మార్చి, రాడార్ బొమ్మల్లో ఉప్పు చల్లినట్టుండే మచ్చల్ని వడగట్టి, నేల ఎత్తుపల్లాలకు సర్దాలి. తర్వాత ఆ బలం సుమారు మైనస్ 17 డెసిబెల్స్ కింద ఉన్న చోటంతా నీరని గీత పెట్టాలి. ఆ గీత ప్రతి చిత్రానికీ కాస్త జరుగుతుంది, చూసి పెట్టుకోవాలి. రెండో బొమ్మలోని నీటిలోంచి మొదటి బొమ్మలోని నీటిని తీసేస్తే చెరువులూ కాల్వలూ ఉప్పుటేరూ పోతాయి, వరద మిగులుతుంది. దానిమీద సర్వే నంబర్ల పటం పరిస్తే సరి. పని తెలిసిన కుర్రాడికి ఒక పూట.

లోపాలు లేవా అంటే బోలెడు. నాట్లప్పుడు దమ్ము చేసిన మడులన్నీ వరదలాగే నల్లగా పడతాయి, ఏమరితే ఊరంతా మునిగిందని రాసేస్తాం. గాలికి నీళ్లు కదిలితే నలుపు పలచబడి నీరు నేలలా కనిపిస్తుంది. నిలువెత్తు పైరు కింద నీళ్లుంటే తరంగం నీటికీ కర్రకీ తగిలి తిరిగొచ్చి, నల్లబడాల్సింది తెల్లబడుతుంది. కోసి పనల మీదున్న వరి తడిస్తే అసలు తెలియదు. పైగా ఒక్క ఉపగ్రహమే అయితే అదే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు. జంటగా పంపిన రెండోది 2021 డిసెంబరులో పాడైంది, దాని బదులు ఇంకొకటి లేచేసరికి 2024 డిసెంబరు వచ్చింది. రెండు రాకల మధ్యలో నీళ్లొచ్చి పోతే ఉపగ్రహానికి కనపడవు. హెలికాప్టర్‌కి ఇన్ని లోపాల్లేవు. ఉన్నదొకటే, అది దేన్నీ కొలవదు.

ఉపగ్రహంలో పెద్దలకు అసలు గిట్టనిది దాని జ్ఞాపకశక్తి. కొల్లేరులో +5 కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకూ అభయారణ్యమని 1999లో ప్రకటించారు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు, తర్వాత మళ్లీ గట్లు లేచాయి. ఏ ఏడాదికి ఎంత తవ్వారో లాండ్‌శాట్ దొంతరలో వరసగా ఉంది. హైదరాబాద్ చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) కథా అంతే. ఫైలు పోవచ్చు, రికార్డు రూముకి చెదలు పట్టొచ్చు. అమెరికాలో ఉన్న బొమ్మకి ఏ చెదలు పంపుతాం?

ఇక నేల మీదికి దిగుదాం. నష్టం 33 శాతమో, ఆపైనో ఉంటేనే పరిహారం. 2015కి ముందు 50 ఉండేది, దయతలిచి తగ్గించారు. ఆ 33ని ఎప్పుడు కొలుస్తారంటే నీళ్లు డ్రెయిన్లోకి దిగిపోయాక, చేను ఆరాక. వ్యవసాయ సహాయకుడు వస్తాడు, ఫోను పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటాడు. పాపం ఆయన తప్పేం లేదు, ఒక్కడికి మూడు ఊళ్లు. రైతు మొలకలొచ్చిన కంకి పట్టుకుని చేలో నిలబడాలి, ఫొటోలో మొహం, కంకి రెండూ పడాలి. ‘‘నీళ్లేవి?’’ అని అడుగుతారు. నీళ్లెక్కడున్నాయో పైనుంచి తీసిన బొమ్మ నెట్‌లో పడుంది కదయ్యా! దాన్ని ముందేసుకుని మునిగిన సర్వే నంబర్లు ఇవీ అని జాబితా తెచ్చుకుంటే ఈ మనిషిని ఎండలో కంకితో నిలబెట్టాల్సిన ఖర్మేంటి? మునిగినవాడే మునిగానని రుజువు తెచ్చుకోవాలా? బొమ్మకి అందని చేలకి మనుషుల్ని పంపండి, పనల మీద తడిసినవాటికి పంపండి, కాదన్నదెవరు? అందినవాటికి కూడా వారం ఆగి వెళ్లి తడి ఉందా అని మట్టి పిసకడమేమిటి, సిగ్గు లేదూ?

కౌలు రైతు సంగతి ఇంకా దారుణం. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం 11 నెలలకు సాగుదారు హక్కు కార్డు ఇస్తానంది, యజమాని సంతకం పెడితే. సంతకం పెడితే పొలం పోతుందని యజమాని భయం, పెట్టకపోతే కౌలుదారు లేనట్టే. విత్తనం వాడిది, ఎరువు అప్పు వాడిది, మునిగిన 40 చుక్కలూ వాడివి. ఆ చుక్కలకు ఉపగ్రహం తేదీ వేసి, గంట వేసి, నిమిషం కూడా వేసింది. కానీ పాస్‌బుక్కులో పేరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అపార్ట్‌మెంట్ అయిదో అంతస్తులో ఉన్న ఆసామిది. పరిహారం పడితే అక్కడ పడుతుంది. ఆయన తన చేను మునిగిందని పేపర్లో ఫొటో చూసి తెలుసుకుంటాడు, ఆ కిటికీ ఫొటోలోనే.

ఇక్కడ కౌలుదారు ఈకేవైసీ మిషను మీద బొటనవేలు పెడతాడు. సరిపోలలేదంటుంది. తుడుచుకుని మళ్లీ పెట్టమంటారు. నాలుగు రోజులు నీళ్లలో పనలు ఎత్తిన వేలు, గీతలు చెదిరి ఉబ్బిపోయింది. పెడతాడు. మళ్లీ సరిపోలలేదంటుంది.