సవరణ: డౌన్‌లోడ్ల గురించి నేను రాసింది తప్పు

కిరాణా కొట్ల అరువు ఖాతాల కోసం మేం చేస్తున్న యాప్ 400 డౌన్‌లోడ్లు దాటింది, అంటే జనానికి నచ్చినట్టే అని పోయిన వారం రాశాను. అది తప్పు. మొత్తం డౌన్‌లోడ్ల సంఖ్య పెరగడమే తప్ప తగ్గదు కదా, స్టార్టప్‌ల గురించి రాసే ఎరిక్ రీస్ 2011 నాటి 'ది లీన్ స్టార్టప్' పుస్తకంలో వ్యానిటీ మెట్రిక్స్ (చూడ్డానికి గొప్పగా ఉండి అసలు సంగతి చెప్పని అంకెలు) అని హెచ్చరించింది ఇలాంటి లెక్కల గురించే. నిన్న పర్లాకిమిడిలో ఒక కొట్టుకెళ్తే ఫోన్‌లో మా యాప్ ఉంది, అరువు మాత్రం గల్లాపెట్టె పక్కన నూనె మరకల నోటుబుక్కులోనే రాస్తున్నారు. "బేరం మీదుంటే టైప్ చేసే తీరికేదీ బాబూ" అన్నారాయన. ఒక్కో వారం చేరినవాళ్లలో నాలుగో వారానికి కూడా అరువు రాస్తున్నది ఎంతమంది అని విడివిడిగా చూడాల్సింది, చూడలేదు. గొంతుతో చెప్తే రాసుకునే మార్పు ముందు గుణుపురంలో నాలుగు కొట్లలోనే పెట్టి చూస్తాం, రాయగడలో పెట్టే సంగతి ఆ తర్వాతే.